తిత్లీ తర్వాత తొమ్మిదో తరగతి: ఉద్దానం నుంచి ఒక కేస్ స్టడీ

తుపాను వెళ్లిపోయాక బడికి ఒక ప్రొఫార్మా వస్తుంది. ప్రహరీ ఎంత మేర కూలింది, రేకులు ఎన్ని ఎగిరిపోయాయి, పనికిరాని బెంచీలు ఎన్ని, మరుగుదొడ్లకు తలుపులు ఉన్నాయా లేవా. 2018 అక్టోబరులో మా బడి తరఫున ఆ కాగితం నింపింది నేనే. జరిగిన నష్టమంతా ఒక్క పేజీలో పట్టింది. పిల్లల గురించి రాయడానికి ఆ పేజీలో గడి లేదు. గడి లేదన్న సంగతి అప్పుడు నాకూ తట్టలేదు.

నేను లెక్కల మాస్టారిని. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రపు హోరు వినపడేంత దగ్గరలో ఉన్న ఒక హైస్కూల్లో తిత్లీ తుపానుకు ముందూ తర్వాతా పనిచేశాను. ఆ ఏడాది తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్‌ని. ఈ కేసు ఆ ఒక్క తరగతిది. ఊరి పేరు, పిల్లల పేర్లు రాయడం లేదు. వాళ్లిప్పుడు పెద్దవాళ్లయ్యారు, వాళ్ల బతుకులు వాళ్లవి.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. తుపాను బడి గోడల్ని ఒక్క రాత్రిలో కొట్టి వెళ్లిపోతుంది. పిల్లల్ని మాత్రం ఆ తర్వాత ఏడాది పొడుగునా, ఒక్కొక్కరిగా, చప్పుడు లేకుండా తీసుకెళ్తుంది. గోడలకు మేం సిద్ధంగా ఉన్నాం. పిల్లల విషయంలో లేం.

గాలి, తోట

2018 అక్టోబరు 11, గురువారం. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు 165 దాకా. 2013లో ఫైలిన్ మాకు పైన గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ మాకు కింద విశాఖపట్నం దగ్గర తీరం దాటాయి. రెండూ అక్టోబరు 12నే. ఆ రెండుసార్లూ మేం పక్కన ఉన్నాం. ఇదీ అటో ఇటో పోతుందిలే అనుకుని పడుకున్నవాళ్లు మా ఊళ్లో చాలామంది. ఈసారి గాలి మా మీదే నిలబడింది.

ఉద్దానం తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఆ చుట్టుపక్కల మండలాల తీరప్రాంతం ఇది. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఇసుక నేల. కొబ్బరి, జీడిమామిడి, పనస, మధ్యలో మునగ. ఎకరం, అరెకరం ఉన్నవాళ్లే ఎక్కువ. కిడ్నీ జబ్బుల వల్ల బయటి ప్రపంచానికి ఈ పేరు తెలిసింది గానీ, మా వరకు ఉద్దానం అంటే నీడ. మే నెలలో కూడా బడికి వచ్చే దారిలో పిల్లల నెత్తిన ఎండ పడేది కాదు.

ఆ తోటల నుంచి డబ్బు ఎలా వచ్చేదో అర్థమైతేనే ఈ కేసు అర్థమవుతుంది. కొబ్బరికి నెలన్నరకో రెండు నెలలకో ఒక దింపు. కాయలు దించిన వారంలో చేతికి డబ్బు. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఆగకుండా వచ్చేది. జీడి ఏడాదికి ఒక్కసారి, ఎండాకాలంలో. జీడి డబ్బుతో అప్పు తీరేది, పెళ్లి జరిగేది. నోటుపుస్తకం, చెప్పులు, ఆటో చార్జీ, ట్యూషన్ ఫీజు అన్నీ దింపు డబ్బులోంచే. చదువు ఖర్చులు చిన్నవే, కానీ ఆగకుండా వస్తుంటాయి. ఆ ఖర్చుకి సరిగ్గా సరిపోయే చెట్టు కొబ్బరి. తిత్లీ ఆ చెట్టునే పడగొట్టింది. పడకుండా నిలబడ్డ వాటిలోనూ మొవ్వు మెలిపడిపోయినవి చాలా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే చెట్టు ఉన్నట్టే ఉంటుంది, గెల ఉండదు.

మళ్లీ నాటితే? దేశవాళీ కొబ్బరి ఆరేడేళ్లకు గానీ కాపుకు రాదు. జీడి మూడు నాలుగేళ్లకు పూత మొదలుపెట్టినా మంచి దిగుబడికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఏడేళ్లలో ఆరో తరగతి పిల్లాడు ఇంటర్ దాటేస్తాడు. నేను లెక్కలు చెప్పేవాణ్నే అయినా ఈ లెక్క నాకు మొదట తట్టలేదు. ఒక తండ్రి చెప్పాడు, పడిపోయిన చెట్టు మొదలు మీద కూర్చుని.

"ఎల్లకపోతే ఏటి తింతాం మాస్టారూ? ఇప్పుడు మొక్క ఏత్తే మా గుంటడికి మీసాలొచ్చాక కాయొస్తాది."

బడి తెరిచిన రోజులు

బడి మళ్లీ నడవడం మొదలయ్యేసరికి అక్టోబరు చివరికి వచ్చాం. అంతకు ముందు అది ఊరందరి తల దాచుకునే చోటు. ఎనిమిదో తరగతి గది గోడకు పొయ్యి పొగ మసి, నల్లబల్ల మీద ఎవరో సుద్దతో రాసుకున్న బియ్యం లెక్క. ప్రహరీ పక్కనున్న పనస చెట్టు వేళ్లతో సహా లేచి మరుగుదొడ్ల మీద పడి ఉంది. ఊళ్లో కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్లు లేవు. జనరేటరు పెట్టిన చోట బిందెల వరస, ఆ వరసలో నిలబడింది మా పిల్లలే. పెద్దవాళ్లు తోటల్లో దారులు కొడుతున్నారు.

పుస్తకాల సంగతి చెప్పాలి. పెంకులు లేచిపోయిన ఇళ్లలో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి దూలానికి కట్టుకున్నారు. పిల్లల పుస్తకాలు మాత్రం గూట్లోనే ఉండిపోయాయి. నవంబరు మొదటి వారంలో మా క్లాసు పిల్లలు సంచుల్లో తెచ్చినవి పుస్తకాల్లా లేవు. ఎండబెడితే ఉబ్బి, అట్టలు పైకి లేచి, పేజీలు అప్పడాల్లా ఫెళఫెళమంటున్నాయి. ఒకమ్మాయి లెక్కల పుస్తకంలో బహుపదుల పాఠం మొత్తం ఒక్క ముద్దగా అతుక్కుపోయింది. విడదీద్దామంటే అచ్చు పక్క పేజీకి అంటుకుని వచ్చేస్తోంది. కొత్త పుస్తకాలు కావాలని రాశాం. అవి వచ్చేలోపు పదో తరగతి పిల్లల ఇళ్లకు వెళ్లి, కిందటేడు వాళ్లు చదివిన పుస్తకాల్లో తడవకుండా మిగిలినవి అడిగి తెచ్చాం. మేం చేసిన పనుల్లో పైసా ఖర్చు లేనిది, అందరికంటే ముందు అక్కరకొచ్చింది అదే.

ఇక్కడ మేం మోసపోయిన చోటు ఒకటుంది. మొదటి మూడు వారాలు హాజరు బాగానే ఉంది. మా హెచ్ఎం గారూ నేనూ సంతోషపడ్డాం. పిల్లలు తేరుకున్నారు అనుకున్నాం. నిజానికి వాళ్లు మధ్యాహ్న భోజనానికి వచ్చారు. ఇంట్లో పొయ్యి వెలగని పూట బడిలో వేడి అన్నం దొరుకుతోంది. అందులో తప్పేమీ లేదు. మా వంట చేసే ఇద్దరమ్మలు తమ ఇళ్ల కప్పులు ఎగిరిపోయినా రెండో రోజు నుంచే గరిటె పట్టారు, వాళ్ల వల్లే బడి నిలబడింది. ఎక్కడ తుపాను వచ్చినా ముందు వంటగది బాగుచేయండి, తరగతి గది తర్వాత చూసుకోవచ్చు. ఈ మాట ఇప్పటికీ అడిగినవాళ్లందరికీ చెబుతాను. మా పొరపాటు ఏమిటంటే, ఆ హాజరు చూసి ప్రమాదం దాటిపోయిందనుకోవడం.

తోట రిజిస్టరు

నవంబరు మధ్యలో ఖాళీలు మొదలయ్యాయి. ఒక బెంచీలో ఒకరు, ఇంకో బెంచీలో ఇద్దరు. అడిగితే "ఊరెళ్లారు సార్" అంటారు పక్కవాళ్లు. ఏ ఊరు అంటే తెలియదు.

అప్పుడు ఒక పొడుగు నోటుపుస్తకం కొని, సాయంత్రాలు ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాను. హిందీ టీచరమ్మ ఒక వీధి, నేనొక వీధి. వెళ్లి చదువు గురించి అడగలేదు. చదువు గురించి అడిగితే ఏ ఇంట్లోనైనా ఒకటే జవాబు వస్తుంది, "పంపిత్తాం మాస్టారూ" అని. మూడు సంగతులే అడిగాం. చెట్లు ఎన్ని ఉండేవి, ఎన్ని మిగిలాయి. అప్పు ఉందా, ఎవరి దగ్గర. ఇంట్లోంచి బయటికి ఎవరు వెళ్దామనుకుంటున్నారు, ఎప్పుడు. దాన్ని మేం తోట రిజిస్టరు అనుకునేవాళ్లం. హాజరు పట్టీ చెప్పని సంగతులు అది చెప్పింది.

అందరికంటే ముందు చదువు మానేది భూమి లేనివాళ్ల పిల్లలని నేను అనుకున్నాను. కొంతవరకే నిజమైంది. చెట్టెక్కి కాయ దించేవాళ్లు, డొక్క ఒలిచేవాళ్లు, పీచు తాళ్లు పేనేవాళ్లు నవంబరులోనే కదిలారు. చెట్టు వాళ్లది కాదు కాబట్టి పరిహారం కోసం ఆగాల్సిన పని వాళ్లకు లేదు. కానీ వలస వాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌లో ఒక బావమరిది, భువనేశ్వర్‌లో ఒక మేస్త్రీ, ఇక్కడ పిల్లల్ని చూసుకోవడానికి ఒక అమ్మమ్మ. ఆ ఏర్పాటు ఏళ్లుగా ఉన్నదే. వాళ్ల పిల్లల్లో ఎక్కువమంది అమ్మమ్మల దగ్గర ఉండి బడికి వచ్చారు.

నేను ఊహించని దెబ్బ సంక్రాంతి తర్వాత తగిలింది. అరెకరం, ఎకరం సొంత తోట ఉన్నవాళ్లు. ఎప్పుడూ ఊరు దాటి కూలికి వెళ్లని వాళ్లు. పడిన చెట్లు కోయించాలి, తోట శుభ్రం చేయాలి, పరిహారం జాబితాలో పేరు పడిందో లేదో చూసుకోవాలి. అలా మూడు నెలలు ఆగారు. చేతిలో ఉన్నది అయిపోయింది. కొత్త అప్పు పుట్టలేదు. ఒకప్పుడు పదిమందికి పని ఇచ్చినవాళ్లు కూలికి వెళ్తున్నామని చెప్పుకోలేక, పండగ వెళ్లిన వారంలో రాత్రి రైలెక్కారు. బయట ఎవరూ తెలియదు కాబట్టి పిల్లల్ని వదిలి వెళ్లే ధైర్యం లేదు. "పిల్లని ఒగ్గీసి ఎలా ఎల్లడం?" అని ఒక తల్లి నన్నే అడిగింది. సంసారం మొత్తం కదిలింది, పిల్లల్ని వెంటబెట్టుకునే వెళ్లారు.

మా రిజిస్టరులో ఈ ఇళ్లు మొదట "ఫర్వాలేదు" అన్న వరసలో ఉన్నాయి. సొంత తోట, పెంకుటిల్లు చూసి నేనే అలా రాశాను.

ముగ్గురు పిల్లలు

మొదటి అమ్మాయి. చురుకైన పిల్ల, ముందు బెంచీ. డిసెంబరులో ఒకరోజు బోర్డు మీద లెక్క చేయమంటే సుద్దముక్కని బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య ఇరికించి రాస్తోంది. దగ్గరికి వెళ్లి చెయ్యి చూపించమన్నాను. వేళ్ల కొసలు నల్లగా కమిలిపోయి, చూపుడువేలి చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. ఉద్దానంలో ఉన్నవాడికి అదేమిటో చెప్పక్కర్లేదు. జీడి రసం.

సొంత తోట పోయాక వాళ్లమ్మ జీడి పిక్కలు కొట్టే పనికి కుదిరింది. పలాస చుట్టుపక్కల కార్ఖానాలకు పిక్క బయటి నుంచి కూడా వస్తుంది, అందుకని ఊళ్లో తోటలు పోయినా ఆ పని ఆగలేదు. కూలి కిలోల లెక్కన. నాలుగు చేతులైతే కిలోలు పెరుగుతాయి. పిల్ల తెల్లవారకముందే తల్లితో వెళ్లి, చేతులకు బూడిద రాసుకుని పిక్కలు కొట్టి, ఇంటికొచ్చి స్నానం చేసి బడికి వచ్చేసరికి రెండో పీరియడ్ నడుస్తుండేది. మేం ఆ పూట ఆబ్సెంట్ వేస్తున్నాం. నా లెక్కల పీరియడ్ మొదటిది. అంటే నెలన్నరగా ఆ పిల్లకి లెక్కలే లేవు. ఆమె నోటుపుస్తకం తీసి చూస్తే ప్రతి పేజీ కింది మూల నల్లటి వేలిముద్ర.

తల్లితో మాట్లాడాను. పని మాన్పించమని చెప్పే హక్కు నాకు లేదనిపించింది, ఆ కూలి మీదే ఇల్లు నడుస్తోంది. రసం చేతులకు తగిలే పని పిల్లతో వద్దని, కావాలంటే పప్పు తొక్క తీసే పని చేయించమని మాత్రం గట్టిగా చెప్పాను. మర్నాడే టైం టేబుల్ మార్చి లెక్కల్ని భోజనం తర్వాతకు జరిపాం. ఆలస్యంగా వచ్చినా హాజరు వేయాలని హెచ్ఎం గారు ఒప్పుకున్నారు. ఇంత చిన్న మార్పు ముందే ఎందుకు చేయలేదా అని ఇప్పటికీ బాధ కలుగుతుంది.

రెండో పిల్లాడి ఇంట్లో కష్టం రెండింతలు. తండ్రికి కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలసిస్. తోట ఉన్నప్పుడు తల్లి ఆటో మాట్లాడి తీసుకెళ్లేది. తోట పోయాక ఆమె కూలికి వెళ్లాలి, ఆటోకి డబ్బు లేదు, బస్సులో తండ్రిని పట్టుకుని తీసుకెళ్లాల్సింది ఈ పిల్లాడే. వారంలో రెండు రోజులు బడి పోయినట్టే. తుపాను రోజున చెట్లు అడ్డం పడి దారులన్నీ మూసుకుపోయినప్పుడు ఆ ఇంట్లో పడిన టెన్షన్ తల్లి చెబుతుంటే నాకు నోట మాట రాలేదు. ఈ పిల్లాడి విషయంలో మేం చేసింది తక్కువే. రావడం కుదరని రోజుల పాఠాలు పక్కింటి స్నేహితుడి చేత పంపాం, ఆసుపత్రి కాగితాలు దగ్గర పెట్టుకుని హాజరు తక్కువైనా పేరు తీయకుండా చూశాం. డయాలసిస్ గది బయట బెంచీ మీద కూర్చుని సాంఘికశాస్త్రం చదివేవాడు.

మూడో పిల్లాడు సంక్రాంతి తర్వాత వెళ్లినవాడు. నేను "ఫర్వాలేదు" అని రాసిన ఇల్లు. ఎకరం తోట, ఇద్దరు పిల్లలు. చెన్నైలో కట్టడం పని. వెళ్లే ముందు తండ్రి బడికి వచ్చి టీసీ అడగలేదు, ఎందుకంటే వెళ్తున్నామని ఎవరికీ చెప్పలేదు. అక్కడ బడిలో చేరుద్దామని వెళ్తే ఆ బడి తమిళంలో. పిల్లాడు రెండు వారాలు కూర్చుని లేచొచ్చాడట. నేను ఫోన్ చేసేసరికి మార్చి దాటింది, ఆ నంబరు పనిచేయలేదు. 2019 జూన్‌లో బడులు తెరిచాక వరుసగా రాని పిల్లల పేర్లు బడి పట్టీలోంచి తీసి ఆన్‌లైన్‌లో డ్రాప్ బాక్స్‌లోకి, అంటే బడి మానేసినవాళ్ల జాబితాలోకి, పంపేశారు. అందులో వాడి పేరూ ఉంది. విద్యాహక్కు చట్టం రక్షణ ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిదిలో ఉన్న పిల్లాడి పేరు పోతుంటే అడ్డుకునే నిబంధన ఏదీ లేదు. అడ్డుకోవలసిన మనిషిని నేను. అడ్డుకోలేదు.

ఏది పనిచేసింది, ఏది లేదు

మేం చేసిన పెద్ద తప్పు పదో తరగతి మీదే అంతా పెట్టడం. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఫలితాల టెన్షన్, పైనుంచి రోజూ ఫోన్లు. చార్జింగ్ లైట్లు తెచ్చి సాయంత్రం తరగతులు పెట్టాం, రాత్రి చిరుతిండి కూడా ఇచ్చాం. పదో తరగతి పిల్లలు గట్టెక్కారు. కానీ పరీక్ష నెలల్లోకి వచ్చేసిన పిల్లని ఇల్లు ఎలాగోలా నిలబెడుతుంది, పరీక్ష రాయించాకే కదులుతుంది. ఇంకా రెండేళ్లు చదవాల్సిన తొమ్మిదో తరగతి పిల్లలకి ఆ ఆసరా లేదు. వాళ్లకే సాయంత్రాలు ఎక్కువ అవసరం. మేం వాళ్లని నాలుగున్నరకు ఇంటికి పంపేశాం.

హాస్టల్ సీట్ల కోసం తిరిగాం. ఏడాది మధ్యలో చేర్చుకోవడం కుదరదన్నారు కొన్నిచోట్ల. తుపాను అక్టోబరులో వస్తుంది, ప్రవేశాలు జూన్‌లో ముగుస్తాయి, ఈ రెండింటికీ మధ్య దారి లేదు. పట్టు వదలకుండా తిరిగితే ఇద్దరు ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయంలో చోటు దొరికింది. ఆ ఇద్దరి తల్లిదండ్రులూ వలస వెళ్లారు, పిల్లలు ఉండిపోయారు. తీర ప్రాంతంలో ప్రతి హాస్టల్లో తుపాను ఏడాది కోసం కొన్ని మంచాలు, కొన్ని కంచాలు విడిగా ఉంచగలిగితే ఎంతమంది నిలబడతారో అని అప్పుడే అనిపించింది.

భయం సంగతి ఎవరూ అడగరు. ఆ శీతాకాలం క్లాసులో గాలి కొంచెం గట్టిగా వీచి కిటికీ రెక్క కొట్టుకుంటే పిల్లలందరూ ఒక్కసారి పైకప్పు వైపు చూసేవాళ్లు. పాఠం ఆగిపోయేది. నేను కూడా చూసేవాణ్ని. 2019 మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటింది. మాకు ముందు రోజు నుంచి గాలి, వాన. సెలవులు కాబట్టి బడి మూసి ఉంది. సాయంత్రం వెళ్లి చూస్తే గేటు దగ్గర మా క్లాసు పిల్లలు కొందరు సంచులతో నిలబడి ఉన్నారు. పుస్తకాలు పాలిథిన్ కవర్లలో చుట్టి తెచ్చారు, బడి బీరువాలో పెట్టమని. ఎవరూ చెప్పలేదు వాళ్లకి. బీరువా ఖాళీ చేసి అన్నీ పెట్టాం, ఒక్కో కట్ట మీద పేరు రాసి.

ఇక పేరు ఉండడం ఎంత పెద్ద సంగతో 2020లో తెలిసింది. మా తొమ్మిదో తరగతి అప్పటికి పదో తరగతి. మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి, జూన్‌లో ప్రభుత్వం పదో తరగతి పరీక్షలు రద్దు చేసి, నమోదైన పిల్లలందరినీ పాస్ చేసింది. జీడి పిక్కలు కొట్టిన అమ్మాయి పాసైంది. ఆసుపత్రి బెంచీ మీద చదివిన పిల్లాడు పాసయ్యాడు. కొన్ని నెలల ముందు నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్షకు బడి పంపే పేర్ల జాబితాలో, ఎవరి పేరు ఉందో వాళ్లందరూ పాస్. ఆ ఏడాది చదువు ఎంత వచ్చిందన్న ప్రశ్న వేరు. పేరు నిలబెట్టిన పిల్లలకు ఒక తలుపు తెరుచుకుంది, పేరు తీసేసిన పిల్లాడికి అది ఎప్పటికీ తెరుచుకోలేదు.

2020 జనవరిలో అమ్మ ఒడి డబ్బు మొదటిసారి తల్లుల ఖాతాల్లో పడింది, ఏడాదికి 15,000 రూపాయలు. చిన్న తరగతుల్లో కొన్ని పేర్లు తిరిగొచ్చాయి. దింపు డబ్బు ఆగిపోయిన ఇంటికి అలాంటి ఆసరా 2018 నవంబరులోనే అంది ఉంటే మా తరగతిలో ఎవరెవరు ఉండిపోయేవాళ్లో వేళ్ల మీద చెప్పగలను.

మా ఊరిదొక్కటే కాదు

ఈ పనిలో పడ్డాక వేరే చోట్ల ఏం జరిగిందో చదవడం అలవాటైంది. 2009 మే 25న ఐలా తుపాను వచ్చినప్పుడు సుందరబన్స్‌లో కట్టలు తెగి పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది. ఉప్పు పోయి వరి పండడానికి ఏళ్లు పట్టింది. తండ్రులు కేరళకు, చెన్నైకి పనులకు వెళ్లారు. మాకు కొబ్బరి ఎంతో వాళ్లకు ఆ నేల అంత. మొజాంబిక్‌లో 2019 మార్చి 14 రాత్రి ఇడాయ్ తుపాను బైరా నగరం మీద పడింది. 3,000కు పైగా తరగతి గదులు దెబ్బతిన్నాయి. అక్కడ విద్యా సంవత్సరం ఫిబ్రవరిలో మొదలవుతుంది, మొక్కజొన్న కోతకు వచ్చేదీ ఆ రోజుల్లోనే. కొత్త పుస్తకాలూ, ఇంట్లోకి రావలసిన గింజలూ ఒకే వారంలో పోయాయి. తరగతి గదుల లెక్క ప్రపంచమంతా చదివింది. ఆ గింజల సంగతి గదుల సంగతి పక్కనే రాసి ఉంటే, తర్వాతి ఏడాది ఏ బెంచీలు ఖాళీ అవుతాయో తెలిసేది.

బంగ్లాదేశ్ నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. 1970, 1991 తుపాన్లలో లక్షల ప్రాణాలు పోయాక వాళ్లు స్తంభాల మీద ఎత్తుగా తుపాను భవనాలు కట్టి, చాలాచోట్ల వాటినే మామూలు రోజుల్లో బడులుగా నడుపుతున్నారు. ప్రాణనష్టం ఎంతో తగ్గింది. మన తీరంలోనూ ఆ దారిన కొంత పని జరిగింది. అంటే ప్రాణాలు కాపాడడం నేర్చుకున్నాం. ప్రాణాలతో మిగిలిన పిల్లలు ఆ తర్వాతి జూన్‌లో ఎక్కడున్నారో చూసే పని ఎవరిదో మాత్రం ఇంకా తేలలేదు.

2024లో 85 దేశాల్లో కనీసం 24 కోట్ల 20 లక్షల మంది విద్యార్థుల చదువుకి ఎండలు, తుపాన్లు, వరదలు, కరువు అడ్డుపడ్డాయని యునిసెఫ్ 2025 జనవరిలో చెప్పింది. ఆ సంఖ్య చదివినప్పుడు నాకు చెన్నై వెళ్లిన మా పిల్లాడు గుర్తొచ్చాడు. వాడు వెళ్లిన రోజున మా బడి తెరిచే ఉంది. గంట కొట్టారు, ప్రార్థన జరిగింది, పప్పూ అన్నం వండారు. బడి మూతపడిన రోజుల్ని బట్టి లెక్కపెడితే వాడు ఏ లెక్కలోకీ రాడు.

ఇప్పుడు వేరే బడిలో ఉన్నాను, ఇదీ తీరానికి దగ్గరే. జూన్‌లో హాజరు పట్టీతో పాటు ఒక నోటుపుస్తకం తెరుస్తాను. ఆ ఇంటికి నెలనెలా డబ్బు దేనిమీద వస్తుంది, కొబ్బరా, వేటా, కూలా. ఊరు విడిచి వెళ్లాల్సి వస్తే పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు. తల్లి నంబరు, మేనమామ నంబరు. తుపాను వచ్చిన పదో రోజుకి ఒకసారి, సంక్రాంతి ముందు వారం ఇంకోసారి ఆ పుస్తకం పట్టుకుని ఇళ్లకు వెళ్లాలని మా టీచర్లందరం అనుకున్నాం. సంక్రాంతి ముందు వారం ముఖ్యం. తర్వాత వెళ్తే తాళాలు కనిపిస్తాయి.

కిందటేడు పాత బడి నుంచి ఫోన్ వచ్చింది, ఒక పూర్వ విద్యార్థి స్టడీ సర్టిఫికెట్ కోసం వచ్చాడు, మీ పేరు చెబుతున్నాడు అని. సెలవు పెట్టి వెళ్లాను. గుర్తుపట్టలేకపోయాను, అంత ఎత్తు పెరిగాడు. నిజంగానే మీసాలొచ్చాయి. గల్ఫ్‌లో వెల్డింగ్ పని దొరికిందట, పాస్‌పోర్ట్ కోసం పుట్టిన తేదీ రుజువు కావాలి. పదో తరగతి పాసైనవాళ్లకు ఆ దేశాలకు పనికి వెళ్లడానికి విడిగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు, వాడికి కావాలి. అదే అడిగాడు.

"సార్, తొమ్మిదే కదా రాస్తారు?"

పాత రిజిస్టరు తీయించాను. వాడి వరస, నా చేతిరాత. సంక్రాంతి సెలవుల దాకా అన్నీ హాజరు. తోట గురించి అడిగాను. 2019 వానల్లో నాన్న వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయన్నాడు. సర్టిఫికెట్‌లో తరగతి దగ్గర తొమ్మిది అని, ప్రవర్తన దగ్గర చాలా మంచిది అని రాసి ఇచ్చాను.